వినిపించాలంటే

స్టేజీ మీద గిటార్‌తో ఆడమనిషి కనబడగానే అందరూ అడిగేది ఒకటే: "మీరు పాడతారా?" కాదు, లీడ్ వాయిస్తానంటే ఒక చిన్న నవ్వు. ఆర్కెస్ట్రాల్లో పదేళ్లకు పైగా వాయిస్తున్నాను. ఆ నవ్వుకి అలవాటుపడ్డాను. నా సోలో వచ్చేసరికి అది కీబోర్డు, డ్రమ్ముల కింద మునిగిపోవడానికి మాత్రం అలవాటుపడలేకపోయాను.

కారణాలు రెండు. ఒకటి మిక్సర్ దగ్గరుంది. మగవాళ్ల సోలోకి పైకి లేచే ఫేడర్ నా సోలోకి కదలదు. పైగా "యాంప్ తగ్గించండి మేడమ్, గోలగా ఉంది" అంటారు. రెండోది నా సిగ్నల్‌లోనే ఉంది. అది నా చేతిలో పని.

బూస్ట్ పెడల్ అరచేతిలో పట్టే చిన్న పెట్టె. సిగ్నల్‌ని పెంచడమే దాని పని. అయితే దాన్ని ఎక్కడ పెడతామన్నదే అసలు సంగతి. డిస్టార్షన్‌కి ముందు పెడితే శబ్దం పెద్దగా పెరగదు. డిస్టార్షన్ అప్పటికే సిగ్నల్ కొసల్ని కోసేస్తోంది; ఇంకా పంపితే ఇంకా కోస్తుంది. స్వరం చిక్కబడుతుంది, ఎక్కువసేపు నిలుస్తుంది. అదే డిస్టార్షన్ తర్వాత పెడితే స్వరం తీరు మారకుండా శబ్దం పెరుగుతుంది. డిస్టార్షన్ యాంప్‌లోదే అయితే దాని ఎఫెక్ట్స్ లూప్‌లో పెట్టాలి. యాంప్ అప్పటికే పూర్తి బలంతో మోగుతుంటే మాత్రం ఇదీ పనిచేయదు. కొంత జాగా మిగిల్చి ఉంచాలి. నేను ముందొకటి, వెనకొకటి వాడతాను. వెనకదానికి 3 నుంచి 6 డెసిబెల్స్ చాలు.

ముందు పెట్టింది ట్యూబ్ స్క్రీమర్ రకం. డ్రైవ్ బాగా తగ్గించి, లెవెల్ పెంచుతాను. అది బేస్‌ని తగ్గించి, 700 హెర్ట్జ్ చుట్టుపక్కల మిడ్‌ని ముందుకు తెస్తుంది. ఇంట్లో ఒంటరిగా వాయించేటప్పుడు మిడ్ తగ్గించిన టోన్ ఎంతో నిండుగా, తియ్యగా ఉంటుంది. బ్యాండ్‌లో కింది జాగా బేస్ గిటార్‌ది, కిక్ డ్రమ్‌ది. పైన సింబల్స్ మోత. గిటార్‌కి మిగిలేది మధ్యలోనే. విడిగా వింటే ముక్కుతో పలికినట్టుండే ఆ మిడ్డే గుంపును చీల్చుకుని బయటికొస్తుంది.

"మీ వాయింపు ఎంత మెత్తగా ఉందో" అని నన్ను మెచ్చుకున్న రోజులన్నీ నా సోలో ఎవరికీ వినబడని రోజులే. ఆడవాళ్లలో మెచ్చుకునేది ఆ మాయమైపోయే గుణాన్నే కాబోలు!

అలాగని వినిపిస్తే చాలా? సిస్టర్ రోసెట్టా థార్ప్ 1930ల చివరి నుంచే రికార్డులిచ్చిన నల్లజాతి గాస్పెల్ గాయని, గిటారిస్టు. 1964లో మాంచెస్టర్‌లో, మూతబడిన రైల్వే స్టేషన్‌లో, వానకు తడిసిన ప్లాట్‌ఫాం మీద ఆమె ఎలక్ట్రిక్ గిటార్ మోగించింది. ఎదుటి ప్లాట్‌ఫాం మీద కూర్చుని జనం విన్నారు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమెకు చోటు దొరికింది 2018లో. ఆమె చనిపోయింది 1973లో. వినబడక కాదు కదా, ఇంత ఆలస్యం!

అందుకే సౌండ్ చెక్‌లో బూస్ట్ నొక్కి మరీ చూపిస్తాను. "సోలో ఇంత ఉంటుంది. తగ్గించకండి" అని ముందే చెబుతాను. కొందరు వింటారు, కొందరు వినరు. పెడల్ నా కాలి కింద ఉంది. మిక్సర్ దగ్గర కూర్చునే అమ్మాయిల కోసం ఎదురుచూస్తున్నాను.