అవ్వ అనే రెండు ఫోల్డర్లు

మాది బాగేపల్లి పక్కన ఒక పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. పదో తరగతి అయ్యేదాకా నేను తెలుగులో ఒక్క అక్షరం రాసిన పాపాన పోలేదు. తెలుగు చదవడం బస్సు బోర్డులు, సినిమా పోస్టర్లు చూసి నేర్చుకున్నదే. ఇప్పుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా పని చేస్తున్నాను. నేను రాసిన ఈ నాలుగు ముక్కలూ మా పిన్ని కొడుకు దిద్దిచ్చాడు. వాడు హిందూపురంలో తెలుగు మీడియం చదివినవాడు.

మా అవ్వ మాటలు మేమిద్దరం ఫోన్లో రికార్డు చేసేవాళ్లం. పండక్కి ఊరికి వెళ్లినప్పుడల్లా ఆమె పక్కన కూర్చుని ఏదో ఒకటి అడిగేవాళ్లం. రాగులు విసిరేటప్పటి పాటలు, ఊరగాయ కొలతలు, మా వాళ్లు కదిరి పక్క నుంచి ఇటు వచ్చిన కథ. అన్నీ నా పాత ల్యాప్‌టాప్‌లో వేసేవాళ్లం. అవ్వ పోయాక ఆ ఫైళ్లే మాకు ఆస్తి.

రెండేళ్ల కింద ల్యాప్‌టాప్ మరీ నెమ్మదైపోయింది. అంతా తుడిచేసి ఉబుంటు మళ్లీ వేద్దామనుకున్నాను. కావలసినవి హార్డ్ డిస్కులోకి కాపీ చేసే ముందు, ఆఫీసు అలవాటు కొద్దీ ట్రీ కమాండ్ కొట్టాను. తెలియనివాళ్ల కోసం చెప్తాను. టెర్మినల్ తెరిచి టీ, ఆర్, ఈ, ఈ అని నాలుగు ఇంగ్లీషు అక్షరాలు కొడితే, మీరున్న ఫోల్డరు లోపల ఏమేం ఉన్నాయో, వాటి లోపల మళ్లీ ఏమున్నాయో, అడుగు దాకా వెళ్లి ఒకే పటంగా గీసి చూపిస్తుంది. ఇలా ఉంటుంది:

మన_ఇల్లు
├── అవ్వ
│   ├── కదిరి_నుంచి_1
│   ├── కదిరి_నుంచి_2
│   └── విసుర్రాయి_పాట
└── పెళ్లి_ఫోటోలు

కింద చివర్లో ఎన్ని ఫోల్డర్లు, ఎన్ని ఫైళ్లు అని లెక్క కూడా ఇస్తుంది. ఆ పటాన్ని ఒక టెక్స్ట్ ఫైల్లో దాచి, నాకు నేనే మెయిల్ చేసుకున్నాను. తరవాత సినిమాలూ పనికిరానివీ వదిలేసి, కిటికీలో ఒక్కో ఫోల్డరూ ఏరుకుంటూ కాపీ చేశాను. ల్యాప్‌టాప్ తుడిచేశాను.

నాలుగు నెలల తరవాత అమ్మ అడిగింది, "మీ అవ్వ విసుర్రాయి పాట పెట్టురా, మీ పిన్నికి వినిపించాల."

హార్డ్ డిస్కులో అవ్వ ఫోల్డరు తెరిచాను. పాట లేదు. ఊరగాయ ఉంది, జాతర ముచ్చట్లు ఉన్నాయి. కదిరి కథ కూడా లేదు. చేతులు చల్లబడినాయి. పాత మెయిల్ వెతికి ఆ పటం తెరిచాను. డిస్కు మీద మళ్లీ ట్రీ కొట్టి రెండూ పక్కపక్కన పెట్టుకున్నాను. పాత పటంలో అవ్వ అనే ఫోల్డర్లు రెండున్నాయి. తెలుగు పేర్ల గుంపులో ఒకటి, దాని కింద కన్నడ పేర్ల గుంపులో ఇంకొకటి. తమ్ముడు తెలుగు లిపిలో పేరు పెట్టాడు, నేను కన్నడ లిపిలో పెట్టాను. ఎవరికి వాళ్లం మన ఫోల్డరు ఒక్కటే ఉందనుకున్నాం.

ఈ రెండు లిపుల్లో అవ్వ అని రాసి చూడండి. తెలుగు వ మీద తలకట్టు టిక్కు కొట్టినట్టు ఉంటుంది, కన్నడ వ మీద అది అడ్డగీత. అంతకు మించి పెద్ద తేడా కనబడదు, అందులోనూ స్క్రీను మీద చిన్న అక్షరాల్లో. కంప్యూటరుకు మాత్రం అవి వేరే వేరే. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలు, దాని వెంటనే కన్నడానికి 128 స్థానాలు ఇచ్చారు. తెలుగు అ సంఖ్య 3077, కన్నడ అ సంఖ్య 3205. పక్కపక్క ఇళ్లే, కానీ గోడ గోడే. కాపీ చేసేటప్పుడు నా కంటికి అలవాటైన కన్నడ అవ్వను తీసుకున్నాను. రెండోది కనబడినప్పుడు, ఇది అయిపోయిందిలే అని దాటేశాను. నాకు బాధ అక్కడే. నాకు చదవడానికి వచ్చిందే నేను మిగుల్చుకున్నాను.

టెస్టరుగా నాకు సిగ్గు కూడా వేసింది. ఉన్నది సరిగ్గా ఉందా అని చూడడం ఎవరైనా చేస్తారు. ఉండాల్సింది లేదని కనిపెట్టడమే మా పని. కాపీకి ముందు పటం తీసుకున్నాను, కాపీ తరవాత తీసుకోలేదు. రెండో పటం తీసుంటే అర నిమిషంలో దొరికిపోయేది. ఆఫీసులో వేరేవాళ్లు ఇట్లా సగం పరీక్ష చేసి వదిలేస్తే నేను ఒప్పుకోను.

తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు కోప్పడలేదు. "అన్నా, నా పాత ఫోన్ అటక మీద ఉంది, చూస్తా ఉండు" అన్నాడు. పోయిన తొమ్మిదింటిలో అయిదు దాంట్లో దొరికాయి. విసుర్రాయి పాట వచ్చింది. కదిరి కథ మొదటి భాగం వచ్చింది. రెండో భాగం రాలేదు. ఊరు ఎందుకు వదలాల్సి వచ్చిందో అవ్వ చెప్పింది అందులోనే. కరువు అంటుంది అమ్మ. కాదు, అన్నదమ్ముల తగాదా అంటుంది పిన్ని. అవ్వ ఏమందో మా ఇద్దరికీ సరిగ్గా గుర్తు లేదు.

దొరకని నాలుగింటి పేర్లతో నాలుగు ఖాళీ ఫైళ్లు చేసి డిస్కులో పెట్టాను. ఇప్పుడు ఎప్పుడు ట్రీ కొట్టినా ఆ పేర్లు కనబడతాయి. ఆ ఫోల్డర్ల పేర్లు కూడా మార్చాం, ఒకటి అవ్వ_పెద్దోడు, ఇంకొకటి అవ్వ_చిన్నోడు.

మీ ఇళ్లలో కూడా ఒకరు తమిళంలో, ఒకరు ఒడియాలో, ఒకరు ఇంగ్లీషులో పేర్లు పెట్టి ఉంటారు. పాత కంప్యూటరు ఎవరికైనా ఇచ్చే ముందు ఈ పని చేయండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిస్తే ట్రీ అందులోనే ఉంది, కానీ ఫోల్డర్లు మాత్రమే చూపిస్తుంది. ఫైళ్లు కూడా కావాలంటే పక్కన ఒక ఖాళీ వదిలి, స్లాష్, ఎఫ్ కొట్టాలి. ఉబుంటులో, మ్యాక్‌లో దాన్ని విడిగా వేసుకోవాల్సి రావచ్చు. టెర్మినల్‌లో మన ఒత్తులూ గుణింతాలూ విడిపోయి కనబడితే భయపడకండి, పేర్లకేం కాదు. కాపీకి ముందు ఒకసారి, తరవాత ఒకసారి పటం తీసి, రెండూ పక్కన పెట్టి వరస వరసా చూడండి.

ఈ సంక్రాంతికి అమ్మనూ పిన్నినీ ఒకేచోట కూర్చోబెట్టి కదిరి సంగతి అడగాలని ఉంది. ఇద్దరూ కొట్లాడుకున్నా సరే, ఫోన్ ఆన్ చేసే ఉంచుతాను.