విడిపోని లెక్క మన తప్పు కాదు



మేము పాతబస్తీలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. రూంలో నలుగురం. నలుగురి ఇళ్లలోనూ కాలేజీకి వచ్చింది మేమే మొదలు.

మొదటి ఏడాది టెస్టులో ఒక లెక్క వచ్చింది: 6ఎక్స్² + 7ఎక్స్ – 4 పూర్ణాంకాలతో కారణాంకాలుగా విడిపోతుందా? పక్కవాళ్లు రెండు లైన్లు రాసి ముందుకు పోయిండ్రు. మేము 24, 1 పెట్టి చూసినం, 12, 2, 8, 3, 6, 4. ఏ జతకూ తేడా 7 రాలే. ఏదో మర్చిపోయామేమోనని మళ్లీ మొదటి నుంచి. అరగంట అక్కడే పోయింది. నయాపూల్ మీద నడుచుకుంటూ వస్తుంటే అందరి మనసులో ఒకటే మాట: మనకు లెక్కలు రావు.

ఆ రాత్రి సీనియర్ అన్న ఒకాయన కాగితం తీసిండు. "మీరు వెతికే రెండు సంఖ్యల మొత్తం 7, లబ్ధం –24. మొత్తాన్ని వర్గం చేసి, అందులోంచి లబ్ధానికి నాలుగు రెట్లు తీసేయండి. వచ్చేది ఆ రెండింటి తేడాకు వర్గం. అది పరిపూర్ణ వర్గం కాకపోతే అసలు అలాంటి పూర్ణాంకాలే లేవురా."

49 + 96 = 145. 12 వర్గం 144, 13 వర్గం 169. అంటే విడిపోదు! మేము లేనిదాన్ని వెతికినం.

చివర్లో –4 బదులు –20 ఉంటే? 49 + 480 = 529, అంటే 23 వర్గం. మొత్తం 7, తేడా 23 కాబట్టి సంఖ్యలు 15, –8. జవాబు (2ఎక్స్ + 5)(3ఎక్స్ – 4). వెతుకులాటే లేదు.

145 లాంటిది వస్తే వర్గమూలాలతోనే విడిపోతుంది. రుణ సంఖ్య వస్తే వాస్తవ సంఖ్యలతో కూడా విడిపోదు.

ఇది పదో తరగతిలో చదివిందే: బి స్క్వేర్ మైనస్ 4ఏసీ. తెలుగు మీడియంలో విచక్షణి అన్నారు. ఇక్కడ డిస్క్రిమినెంట్ అనేసరికి కొత్తదేదో అనుకుని భయపడ్డాం. నిజానికి నాలుగు రెట్లతో వర్గం పూర్తిచేసే శ్రీధరుడి పద్ధతిని భాస్కరాచార్యుడు 1150లోనే తన బీజగణితంలో చెప్పిండు.

మీ హాస్టల్‌లో పదో తరగతి పిల్లలుంటే రెండు పేర్లూ కలిపి చెప్పండి. లెక్క కుదరకపోతే తమను తాము తిట్టుకునే ముందు, అది విడిపోయేదేనా అని ఒక్కసారి చూసుకోమనండి. మాకు ఆ మాట ముందే చెప్పినోళ్లు లేరు.