తరంగంబాడిలో ఒక రాత్రి

మా షష్టిపూర్తి తిరుక్కడయూరులోనే జరగాలని మా ఆవిడ పట్టుదల. అంతకు ముందు యేడు నేను గుండెనొప్పితో ఆస్పత్రిలో పడుకున్నప్పుడే మొక్కేసుకున్నదట. మార్కండేయుడి కోసం సాక్షాత్తూ శివుడు యముణ్ణి కాలితో తన్నిన క్షేత్రమని అక్కడి వాళ్ల విశ్వాసం.

"యముడితో మాట్లాడేందుకు మనకంత పలుకుబడి వుందా?" అని హాస్యమాడి చీవాట్లు తిన్నాను.

నవ్వులాటకి అన్నానే గాని, ఆవిడ సంగతి నాకు తెలుసు. ఆస్పత్రి నుంచి వచ్చిన నాటినుంచీ రోజూ రాత్రి రెండు మూడుసార్లు లేచి, నా ముక్కు దగ్గిర వేలు పెట్టి, వూపిరి ఆడుతున్నదో లేదో చూసుకుని మళ్లీ పడుకునేది. నేను నిద్ర నటించేవాణ్ణి.

2013 జనవరిలో బయల్దేరాం. మాయవరంలో రైలు దిగి తిరుక్కడయూరు చేరేసరికి గదులన్నీ నిండిపోయాయి. దేశంలో అరవై నిండిన దంపతులందరూ ఆ పూట అక్కడే దిగినట్టున్నారు. మా ముహూర్తం మర్నాడు. యేం చెయ్యాలో తోచక నిలబడితే టాక్సీ అబ్బాయే దారి చూపించాడు. యేడెనిమిది కిలోమీటర్లు పోతే తరంగంబాడి; అక్కడ సముద్రపు టొడ్డున తెల్లదొరల కాలం నాటి బంగళా వుంది, దాన్ని హోటలు చేశారు అన్నాడు.

రెండంతస్తుల మేడ. చుట్టూ స్తంభాల వరండా. గదులకి నెంబర్లు లేవు. వెనకటి డెన్మార్కు ఓడల పేర్లు పెట్టారు. అద్దె విని మా ఆవిడ, "ఒక్క రాత్రికేనా?" అని రెండుసార్లు అడిగింది.

సాయంత్రం వూరు చూడబోయాం. వీధి మొదట 1792 నాటి కోటగుమ్మం. వీధిలో పాత చర్చీలు. 1706లో ఇక్కడ దిగిన జీగెన్‌బాల్గ్ అనే పాద్రీ తమిళం నేర్చుకుని, 1715 నాటికి కొత్త నిబంధనని తమిళంలో అచ్చు వేయించాడు. ఆ మిషన్ లోనే పనిచేసిన షుల్జ్ దొర తర్వాత మద్రాసులో తెలుగు నేర్చి, 1746లో జర్మనీలోని హాలే పట్నంలో తెలుగు పుస్తకం అచ్చు వేయించాడు. సముద్రానికి ఎదురుగా డెన్మార్కు వాళ్ల డాన్స్‌బోర్గ్ కోట.

"ఈ వూరు వాళ్లకెవరిచ్చారు?" అన్నది మా ఆవిడ.

"మనవాడే. తంజావూరు రఘునాథ నాయకుడు, 1620లో."

"విజయవిలాసం అంకితం పుచ్చుకున్న ఆయనేనా?"

"ఆయనే. తనూ తెలుగులో కావ్యాలు రాశాడు."

"కావ్యాలు రాసుకునే వాళ్ల చేతిలో వూళ్లు నిలుస్తాయా!" అని తేల్చేసింది.

డెన్మార్కు వాళ్ల చేతిలోనూ నిలవలేదు. 1845లో ఈ వూరినీ, బెంగాల్లోని శ్రీరాంపూరునీ కలిపి పన్నెండున్నర లక్షలకి ఇంగ్లీషు వాళ్లకి అమ్ముకున్నారు. ఆ మాట చెబితే, "మన పేటలో ఆ డబ్బుకి వంటిల్లు కూడా రాదు" అని నిట్టూర్చింది.

చీకటి పడింది. అసలు గొడవ అప్పుడు మొదలయింది. పగలు ముచ్చటగా వున్న సముద్రం రాత్రి గుమ్మంలోకి వచ్చి కూర్చున్నట్టు హోరెత్తుతోంది. "ఇంత దగ్గిరేమిటండీ!" అని కిటికీలన్నీ బిగించింది. నాకు వుక్క. తియ్యమని నేను, వీల్లేదని ఆవిడ.

ఇంతలో పాలు తెచ్చిన పెద్దాయన, కుర్రతనంలో విశాఖపట్నంలో పడవల మీద పనిచేశాడట, వచ్చీరాని తెలుగులో పలకరించాడు. నేను కళ్లతో వారిస్తూనే వున్నాను, మా ఆవిడ అడగనే అడిగింది: "సునామీ వచ్చినప్పుడు నువ్వెక్కడున్నావు నాయనా?"

"నడిసముద్రంలో వున్నానమ్మా, వేటకి పోయి. మాకేమీ తెలియలేదు. పడవ కొంచెం పైకి లేచి దిగింది, అంతే. చేపలు తీసుకుని ఒడ్డుకి వచ్చి చూస్తే ఇల్లు లేదు. మా ఆడది లేదు."

2004 డిసెంబరు 26 నాటి మాట అది. ఒక్క నాగపట్నం జిల్లాలోనే ఆరువేల మందికి పైగా పోయారని పత్రికల్లో చదివాం, లెక్క చదివినట్టు చదివి పక్కన పెట్టాం.

కొంచెం సేపు ఎవరం మాట్లాడలేదు. చివరికి ఆవిడే, "మరి ఇంకా ఈ ఒడ్డునే వుంటున్నావా?" అన్నది.

"గవర్నమెంటు వాళ్లు లోపల, దూరంగా ఇల్లిచ్చారమ్మా. రెండు నెలలున్నాను. ఈ మోత వినబడక నిద్ర పట్టలేదు. తిరిగొచ్చేశాను." గ్లాసులు తీసుకుని వెళ్లిపోయాడు.

మా ఆవిడ మంచం మీద అలాగే కూర్చుంది. తర్వాత లేచి, తనే కిటికీ తెరిచింది. చల్లగాలి వచ్చింది. నేను అలవాటు ప్రకారం నిద్ర నటిస్తూ పడుకున్నాను. రెండయింది, మూడయింది, ముక్కు దగ్గిరికి వేలు రాలేదు. లేచి చూస్తే ఆవిడ ఒళ్లెరగకుండా నిద్రపోతోంది. ఈసారి నేనే వేలు పెట్టి చూశాను.

తెల్లవారుతూనే మాసిలామణి నాథర్ గుడికి నడిచాం. 1306లో పాండ్యరాజు కట్టించిన ఆ గుడి ముందు భాగం చాలావరకు సముద్రంలో కలిసిపోయింది. ఒడ్డున అడ్డంగా బండరాళ్లు పోశారు. వాటి మీదుగా అల లేచి మా ఆవిడ కాళ్లు తడిపింది. వెనక్కి జరగలేదు.

పదిగంటలకి తిరుక్కడయూరులో పీటల మీద కూర్చున్నాం. కలశాభిషేకం అయింది, మంగళసూత్రం మళ్లీ కట్టాను. బయటికి వచ్చాక, "ఇంత దూరం వచ్చావు, స్వామిని యేమడిగావు?" అన్నాను.

"యేమీ అడగలేదండీ. రాత్రి నాకు బాగా నిద్ర పట్టిందని చెప్పాను," అన్నది.