డివైడర్ మీద కాదు, నడిచే దారిలో

మా మున్సిపల్ కౌన్సిల్ తీర్మానాలు చదివాను. వీధి దీపాలు, కాల్వల్లో పూడికతీత, తైబజార్ వేలం... ఏటా ఉండేవే. నేను ఆగిపోయింది మాత్రం మొక్కల పద్దు దగ్గర.

2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికే పక్కన పెట్టాలి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, బతక్కపోతే వార్డు కౌన్సిలర్ పదవికే ఎసరు. ఇంత గట్టి నిబంధన చిన్న ఊళ్లకు దొరికిన వరమనే నేను నమ్ముతాను.

కానీ ఈసారి కూడా మొక్కలన్నీ మెయిన్ రోడ్డు డివైడర్‌కే రాసేశారు. అక్కడ ఎవరు నిలబడతారండీ? నీడ కావాల్సింది నెత్తిన గంపతో కూర్చునే చోటు కోసం వెతుక్కునే కూరగాయలమ్మకు, ఏప్రిల్ ఎండలో ఒంటిపూట బడి నుంచి ఇంటికి నడిచే పిల్లలకు. వేప, కానుగ వేయండి. కాస్త ఆలస్యంగా ఎదిగినా పర్లేదు. కోనోకార్పస్ మాత్రం వద్దు.

అదే చట్టంలో ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలున్నాయి: యువత, మహిళలు, పెద్దలు, ప్రముఖులు. ఎక్కడ చెట్టు కావాలో వీళ్లకంటే బాగా ఎవరికి తెలుసు? వచ్చే సమావేశంలోపు మా వీధివాళ్లం బడి దారిలో గుంతలు తీయదగ్గ చోట్లు గుర్తించి, జాబితా రాసి కౌన్సిలర్ గారికి ఇస్తున్నాం. నీళ్లు పోసే వంతులు కూడా పంచుకున్నాం. మా వార్డువాళ్లు ఇంకెవరైనా కలుస్తారా? ఆదివారం పొద్దున్నే బయల్దేరుతున్నాం.