ఇద్దరు సాక్షులు

వేదాంతశాస్త్రంలో 'సాక్షి' అనే పదానికి విశిష్టస్థానం ఉన్నది. ఇంద్రియవ్యాపారములను, మనస్సులోని సంకల్పవికల్పములను, బుద్ధి చేసే నిశ్చయములను తాను ఏ వికారమూ పొందక ప్రకాశింపజేసే చైతన్యమే సాక్షి. న్యాయస్థానంలోనూ ఇదే పదం వాడుకలో ఉన్నది. కాని అక్కడి సాక్షి మరచిపోగలడు, భయపడగలడు, ప్రలోభానికి లొంగగలడు, నిన్న చెప్పినదానిని నేడు కాదనగలడు. ఈ ఇద్దరు సాక్షుల నడుమ నిలిచిన ఒక వృద్ధుని అంతిమదశ ముముక్షువులకు విచారణీయం. ఆ వృద్ధుడు భారత మాజీ ప్రధానమంత్రి పాములపర్తి వేంకట నరసింహారావుగారు.

1991లో ఆయన లోక్‌సభ ఎన్నికలలో పోటీ చేయలేదు. డెబ్బదవ ఏట అడుగిడుతూ, ఢిల్లీ విడిచి హైదరాబాదు చేరుటకు పుస్తకములను మూటలు కట్టించారు. కుర్తాళంలోని సిద్ధేశ్వరీ పీఠాధిపత్యమును స్వీకరింపుమన్న ఆహ్వానం ఆయన ముందున్నది. విశ్వనాథవారి 'వేయిపడగలు' నవలను 'సహస్రఫణ్' పేరుతో హిందీలోనికి అనువదించిన పండితునకు కాషాయం అపరిచితం కాదు. అంతలో మే 21న రాజీవ్ గాంధీ హత్య జరిగింది. సరిగా నెల తిరిగేసరికి, జూన్ 21న, సన్న్యాసాశ్రమపు గడప వద్ద నిలిచినవాడు ప్రధానిగా ప్రమాణం చేశాడు. అప్పటికి దేశపు విదేశీమారక నిల్వలు కొద్ది వారముల దిగుమతులకు మాత్రమే చాలునట్లుండెను. జూలైలో సుమారు 47 టన్నుల బంగారమును విదేశీ బ్యాంకులకు కుదువ పంపవలసి వచ్చింది. ఆ ఆపదనుండి దేశం గట్టెక్కిన వృత్తాంతం సర్వవిదితం.

1996లో అధికారం తొలగింది. అదే సంవత్సరం సెప్టెంబరులో పక్షాధ్యక్షపదవి, డిసెంబరులో పార్లమెంటరీ పక్షనాయకత్వం కూడ విడువవలసి వచ్చింది. అభియోగములు మూడు దిక్కులనుండి వచ్చాయి. ఇంగ్లండులోని ఊరగాయల వ్యాపారి లఖూభాయ్ పాఠక్, 1983లో చంద్రస్వామికి లక్ష డాలర్లు ఇచ్చి మోసపోయాననీ, అందులో ఆయనకూ పాత్ర ఉన్నదనీ ఆరోపించాడు. ప్రత్యర్థి కుటుంబంపై కూటపత్రములు సృష్టించారన్న సెయింట్ కిట్స్ వ్యవహారం రెండవది. 1993 జూలైలో అవిశ్వాస తీర్మానమును ఓడించుటకు ఝార్ఖండ్ ముక్తి మోర్చా సభ్యులకు లంచమిచ్చారన్నది మూడవది, అన్నింటికంటె గురుతరమైనది.

అభియోగముల వెంట ఆర్థికక్లేశము వచ్చింది. న్యాయవాదుల రుసుములు చెల్లించుటకు హైదరాబాదు బంజారాహిల్స్‌లోని తన ఇంటిని అమ్మవలసి ఉంటుందని ఆయన చెప్పుకొన్న వైనాన్ని సన్నిహితుడైన అధికారి పి.వి.ఆర్.కె. ప్రసాద్ గారు తమ స్మృతులలో వ్రాశారు. ముఖ్యమంత్రిగా భూసంస్కరణలకు పూనుకొన్ననాడు తన భూములను కూడ వదులుకొన్న భూస్వామి ఆయన. దేశపు బంగారం కుదువనుండి విడిపించిన ప్రభుత్వానికి అధిపతి. అట్టివాడు తన ఇంటిగోడలకు వెల కట్టుకొనవలసిన దినం వచ్చింది.

ఇక్కడ సాధకుడు ఒక సులభమార్గమునకు లోబడరాదు. కుర్తాళంలో స్వీకరింపని సన్న్యాసమును విధి ఈ విధంగా ప్రసాదించినదని చెప్పుట వినుటకు ఇంపుగా ఉండును. కాని సత్యం కాదు. పదవి పోవుట త్యాగం కాదు. ఇల్లు పోవుట వైరాగ్యం కాదు. కోల్పోవుటకును విడుచుటకును నడుమ ఒక అంతరం ఉన్నది. చేయి బలవంతముగా తెరువబడినపుడు జారిపడినది నష్టం. తానుగా తెరచినపుడు జారినది త్యాగం. వస్తువు ఒక్కటే, నేలపై పడిన తీరూ ఒక్కటే. భేదం చూచువానికి తెలియదు, చేయిగలవానికి తెలియును.

తీర్పులు ఒకటొకటిగా వచ్చాయి. సెయింట్ కిట్స్ వ్యవహారంలో తగిన ఆధారం లేదని 1997లోనే ఆయనకు విముక్తి లభించింది. లంచం వ్యాజ్యంలో 2000 సెప్టెంబరు 29న ప్రత్యేక న్యాయస్థానం ఆయనను దోషిగా నిర్ణయించింది. పిదప మూడేండ్ల కఠినకారాగారశిక్ష విధించింది. నేరవ్యాజ్యంలో శిక్ష పొందిన ప్రథమ మాజీ ప్రధాని ఆయనే. అప్పటికి వయస్సు డెబ్బదితొమ్మిది. ఆయన పారిపోలేదు, పై న్యాయస్థానమును ఆశ్రయించారు. 2002 మార్చిలో ఢిల్లీ హైకోర్టు, అప్రూవరుగా మారినవాని సాక్ష్యం విశ్వసనీయం కాదని, ఆ శిక్షను రద్దు చేసింది. లఖూభాయ్ వ్యాజ్యం 2003 డిసెంబరు 22న కొట్టివేయబడింది. ఆపై సరిగా సంవత్సరమున్నూ ఒక దినమున్నూ మాత్రమే ఆయన జీవించారు.

ఈ తీర్పు దేనిని తేల్చినది? సాక్షిని నమ్మరాదని తేల్చినది. న్యాయశాస్త్రమునకు అంతవరకే అధికారం, అంతవరకు అది ధర్మమే. సందేహఫలం అభియుక్తునకు చెందుట నాగరికతకు లక్షణం. 1998లో ఈ వ్యవహారంలోనే సుప్రీంకోర్టు, రాజ్యాంగం 105వ అధికరణాన్ని అనుసరించి, లంచం పుచ్చుకొని సభలో ఓటువేసిన సభ్యులకు రక్షణ ఉన్నదనీ, ఇచ్చినవారికి లేదనీ చెప్పింది. 2024లో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ నిర్ణయాన్ని త్రోసిపుచ్చింది. ఒకే కర్మను ఇచ్చిన చేయిగా, పుచ్చుకొన్న చేయిగా విడదీసి, ఒకదానిని విడిచి ఒకదానిని పట్టుట మానవశాసనంలో సంభవించింది. దానిని దిద్దుకొనుటకు ఇరువదియారేండ్లు పట్టింది. కర్మసిద్ధాంతంలో అట్టి విభాగం లేదు. చేసినవానికి చేసినంత.

1993 జూలైనాడు నిజముగా ఏమి జరిగినదో ఎరిగిన సాక్షి ఆయనలోనే ఉన్నాడు. ఆ సాక్షిని అడ్డుప్రశ్నలతో తికమకపెట్టుట ఏ న్యాయవాదికిని సాధ్యం కాదు. అతనికి రుసుము అక్కరలేదు. అతని ముందు వాయిదాలు లేవు. ఆ సాక్షి శిక్షించడు, విముక్తీ ప్రసాదించడు, కేవలం చూచును. నిర్దోషికి ఆ చూపే ఆశ్రయం, దోషికి ఆ చూపే భయకారణం. అతడు నిర్దోషియా, దోషియా అనునది ఇతరులు నిర్ణయింపదగినది కాదు. ఆయనను స్థితప్రజ్ఞుడని కీర్తించుటా తొందరపాటే, చతురుడని నిందించుటా తొందరపాటే.

2004 డిసెంబరు 23న దేహం చాలించినపుడు, ఆయన అధ్యక్షత వహించిన పక్షపు కార్యాలయద్వారం ఆ పార్థివశరీరానికి తెరుచుకొనలేదు. 2024లో భారతరత్న ప్రకటింపబడింది. ఆ అవమానం ఆయన ఎరుగడు, ఈ సన్మానమూ ఎరుగడు. రెండింటిని ఎరిగినవారు లోకులు.

సాధకుని ప్రశ్న వేరు. ప్రతి గృహస్థునకు ఏదో ఒక పత్రం, ఏదో ఒక ఋణం, ఏదో ఒక నింద వచ్చి తీరును. ఆ దినమున బయటి సాక్షులను కూడబెట్టుకొనుట లౌకికధర్మం, తప్పక చేయవలసినదే. కాని రాత్రి దీపమార్పిన పిమ్మట మిగులు సాక్షి ఒక్కడే. అతని ముందు నిలువగల జీవితమును నేటినుండియే కూర్చుకొనుట సాధన.

ఓం తత్ సత్.