గీత గీసిందెవరు?

సోషల్ అనగానే పదో తరగతి పిల్లలకు గుర్తొచ్చేవి రెండు: తేదీలు, మ్యాప్ పాయింటింగ్. తేదీలు బట్టీపడితే వస్తాయి, మ్యాపు సాధన చేస్తే వస్తుంది. మార్కులూ పడతాయి. కానీ ఆ తేదీన ఎవరు ఏం కోరారు, ఎవరు నిర్ణయించారు, ఆ నిర్ణయం మన ఇంటిదాకా ఎలా వచ్చింది అని అడగడం రాకపోతే సోషల్ వచ్చినట్టు కాదు. ఈ సంగతి నాకు నేను సోషల్ చెప్పే మనుబోలు హైస్కూలు పిల్లల దగ్గరే బోధపడింది.

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. మాకు దగ్గరి పట్నమైన గూడూరు తిరుపతి జిల్లాలో చేరింది. మనుబోలు నెల్లూరు జిల్లాలోనే ఉండిపోయింది. అమ్మమ్మగారి ఊరు ఒక జిల్లా, తమ ఊరు మరో జిల్లా అయిన పిల్లలు అప్పుడు నా క్లాసులోనే ఉన్నారు. "మావోళ్లు ఓటేసేది తిరుపతి ఎంపీకి. కలెక్టరేమో నెల్లూరులో. ఇదెట్టా సార్?" అని ఓ అమ్మాయి అడిగింది.

పౌరశాస్త్రం మొత్తం ఆ ప్రశ్నలో ఉంది. మనుబోలు సర్వేపల్లి అసెంబ్లీ నియోజకవర్గంలోది. సర్వేపల్లి తిరుపతి లోక్‌సభ స్థానం కిందికొస్తుంది. నియోజకవర్గాల హద్దులు తేల్చేది డీలిమిటేషన్ కమిషన్. ఇప్పుడున్నవి 2008లో ఖరారయ్యాయి. జిల్లా హద్దులు మార్చేది రాష్ట్ర ప్రభుత్వం, 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం కింద. లోక్‌సభ స్థానమే ప్రాతిపదికగా కొత్త జిల్లాలు చేసినా, సర్వేపల్లిని మాత్రం నెల్లూరులోనే ఉంచారు. రెండు హద్దులు, గీసిన చేతులు వేరు. అందుకే ఒకదానిమీద ఒకటి కుదురుగా కూర్చోవు.

ఆ చట్టంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది మరొకటుంది. హద్దు మార్చేముందు ముసాయిదా ప్రకటించి, జనం అభ్యంతరాలు చెప్పుకోవడానికి గడువివ్వాలి. ఆ గడువు దాటిపోయినా, అభ్యంతరం ఎలా రాస్తారో చూద్దామని కలెక్టరుకు ఉత్తరాలు రాయించాను. కొందరు "గూడూరు మాది, ఇయ్యం" అని రాశారు. కొందరు బస్సులు, ఆసుపత్రి, ఆఫీసుల దూరం లెక్కగట్టి రాశారు. వెంకటగిరిలో చుట్టాలున్న పిల్ల, తమవాళ్లకు తిరుపతే దగ్గరని రాసింది. అన్నీ క్లాసులో చదివించి, ఏ ఉత్తరానికి అధికారి జవాబు చెప్పక తప్పదని అడిగాను. కోపం ఉన్నదానికి కాదు, కారణం ఉన్నదానికే అని పిల్లలే తేల్చారు. వెంకటగిరి ఉత్తరం తమకు నచ్చకపోయినా, అందులో న్యాయముందని ఒప్పుకున్నారు.

అక్కణ్ణించి వెనక్కి నడవడం తేలికైంది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు నుంచి వెళ్లిన కందుకూరు, 2022లో తిరిగొచ్చిందని తెలిసి ఆశ్చర్యపోయారు. 1952 డిసెంబర్ 15న పొట్టి శ్రీరాములు మద్రాసులో నిరాహారదీక్షలో ప్రాణం విడిచారనీ, 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిందనీ వాళ్లకు అంతకుముందే తెలుసు. ఇప్పుడు ఆ రెండు తేదీల మధ్య ఏం జరిగిందో అడిగారు. మద్రాసు నగరం ఎవరికి చెందాలన్న వాదాన్ని రెండు వైపులా నిలబడి వాదించారు. మా నెల్లూరు జిల్లా పేరులో ఉన్న పొట్టి శ్రీరాములు, పాఠంలో ఉన్న పొట్టి శ్రీరాములు ఒక్కరే అయ్యారు.

దగ్గరి హద్దు అర్థమైన పిల్లకు దూరపు హద్దూ అర్థమవుతుంది. 1947 విభజన పాఠంలో ఆ పిల్లలు అడిగిన మొదటి ప్రశ్న, గీతకు అటూ ఇటూ ఉన్నవాళ్లను ఎవరైనా అడిగారా అని. ఏ గైడులోనూ లేని ప్రశ్న అది.

సోషల్ టీచరు పిల్లలకు ఇవ్వాల్సింది ఈ రెండు అలవాట్లే అని నా నమ్మకం: నిర్ణయం ఎవరిదని అడగడం, తన మాటకు కారణం చూపడం. పద్దెనిమిదేళ్లు నిండాక వాళ్ల చేతికి ఓటు వస్తుంది. ఆ ఓటుకు ఈ రెండూ తోడుండాలి. వాటిని నేర్పే చోటు హైస్కూలే.