బెయిలు వచ్చాక

బెయిలు రావడం వేరు, మనిషి బయటికి రావడం వేరు. మైలవరం కోర్టులో లీగల్ ఎయిడ్ కేసులు చూసే నాకు మొదటిదానికంటే రెండోదానికే ఎక్కువ చెమట పడుతుంది. వాదన కాసేపట్లో తేలిపోతుంది. ఆ తర్వాత ష్యూరిటీలను వెతకాలి. వాళ్ల పేరున ఇల్లో పొలమో ఉండాలి, పన్ను రసీదో పాస్‌బుక్కో తేవాలి, జడ్జిగారి ఎదుట నిలబడి ముద్దాయి వాయిదాలకు వస్తాడని పూచీ పడాలి.

మా మెట్ట ఊళ్లలో అలాంటి వాళ్లు పేదవాడికి ఎక్కడ దొరుకుతారు? మామిడి తోట కాపలాదారుకు, క్వారీలో రాళ్లు కొట్టేవాడికి, మిరపకోతలకు వచ్చిన వలస కూలీకి బంధువులంతా తమలాంటివాళ్లే. కౌలు రైతు పదెకరాలు దున్నినా కాగితం మీద భూమి లేనివాడే. ఊళ్లో ఆస్తిపరుడొకడు ఉంటాడు గాని, చాలాసార్లు కేసు పెట్టింది ఆయన మనుషులే. "మీరే ఏదో ఒకటి చూడండి లాయరుగారూ" అంటుంది ముద్దాయి తల్లి. ఈ అవసరాన్ని కనిపెట్టే కిరాయి జామీనుదారులు పుట్టారు. డబ్బు తీసుకుని, ముఖం కూడా తెలియని ముద్దాయికి పూచీ పడతారు. నిజమైన బంధువును కాదన్నచోట దొంగ బంధువు చెల్లుబాటవుతున్నాడు.

దీనికి తోడు సరిహద్దుల గొడవ. తిరువూరు దాటితే తెలంగాణ. 2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లాను విడదీసినప్పుడు మైలవరం ఎన్టీఆర్ జిల్లాలోకి, పక్కనే ఉన్న నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్లాయి. ముద్దాయి మేనమామది నూజివీడు, అత్తగారిది తెలంగాణలోని మధిర అయితే "లోకల్ ష్యూరిటీ కావాలి" అన్న ఒక్క మాటతో ఇద్దరూ పనికిరాకుండా పోతారు. నాకు అక్కరకొచ్చేది 1978 నాటి మోతీరామ్ తీర్పు. మధ్యప్రదేశ్‌లో ఒక తాపీమేస్త్రికి బెయిలిస్తూ మేజిస్ట్రేటు పదివేల ష్యూరిటీ అడిగాడు. అన్న పూచీ పడబోతే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నాడు. సుప్రీంకోర్టులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ మేస్త్రిని వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద విడిచిపెట్టమన్నారు. తెలుగువాడో తమిళుడో బస్తరులోనో చాందినీ చౌక్‌లోనో అరెస్టయితే అక్కడ ఆస్తిపరుణ్ని ఎక్కణ్నుంచి తెస్తాడని ఆ తీర్పులోనే అడిగారు. తెలుగువాణ్ని ఆయన పేరుపెట్టి తలచుకున్నందుకు నాకు రవ్వంత గర్వం కూడా.

ఆ తర్వాతా కాగితం మీద మార్పులు వచ్చాయి. బెయిలబుల్ కేసులో వారం దాటినా ష్యూరిటీ తేలేనివాణ్ని నిరుపేదగా ఎంచి సొంత బాండు మీద వదలాలని చట్టమే చెబుతోంది. బెయిలిచ్చి ఏడు రోజులైనా ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలని, నెలలోపు బాండ్లు పెట్టలేకపోతే షరతులు సడలించాలో లేదో కోర్టు తనంతట తానే చూడవచ్చని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు చెప్పింది. భారత్ 1979లో చేరిన పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక తొమ్మిదో అధికరణం కూడా, విచారణ కోసం మనిషిని లోపల ఉంచడం మామూలు పద్ధతి కారాదంటుంది. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం 2023 సెప్టెంబరులో డబ్బు కట్టించుకునే బెయిలునే ఎత్తేసింది.

లోపల గడిపిన కాలాన్ని ఏ కోర్టూ తిరిగివ్వలేదు. నందిగామ దగ్గర అనాసాగరం కుర్రాణ్ని ఇబ్రహీంపట్నం హాస్టల్ హత్య కేసులో 2008లో అరెస్టు చేశారు. 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని తేల్చి, లక్ష రూపాయలు ఇప్పించమంది. ఎనిమిదేళ్లకు పైగా జైలుకు లక్ష! అది ష్యూరిటీ కేసు కాదు, హత్య కేసు. అయినా బెయిలు వచ్చినవాడు ఇంకా లోపలే ఉన్నాడంటే "వారమే కదా" అనే జూనియర్లకు నేను ఆ కేసే గుర్తుచేస్తాను.

కాబట్టి ఇప్పుడు బెయిలు పిటిషన్‌లోనే ష్యూరిటీ సంగతీ రాసేస్తున్నాను. ముద్దాయి ఆ ఊళ్లో ఎన్నేళ్లుగా ఉన్నాడు, రోజుకూలీ ఎంత, పిల్లలు ఏ బడిలో చదువుతున్నారు అని రాసి, రేషన్ కార్డు నకలు జతచేస్తాను. సొంత పూచీకత్తు మీద వదలమని, అది కుదరకపోతే ఒక్క ష్యూరిటీతో సరిపెట్టమని, ఆ ష్యూరిటీ ఏ జిల్లావాడైనా తీసుకోమని అడుగుతాను. జడ్జిగారు కొన్నిసార్లు ఒప్పుకుంటారు. ఒప్పుకోనప్పుడు కాగితాలు సర్దుకుని, పై కోర్టుకని విజయవాడ బస్సెక్కడమే.